ఊళ్ళో ఇంటిపేరు, కాగితంలో ఇంటిపేరు



స్మారకోపన్యాసం ఏర్పాటు చేయడమంటే ఒక మనిషి పేరు నాలుగు కాలాలపాటు జనం నోట నానేలా చేయడం. అందుకని పేరు గురించే, అందులోనూ పేరుకు ముందుండే ఇంటిపేరు గురించే ఈ పూట మాట్లాడదలచాను. నా వాదం ముందే చెప్పేస్తాను. ఇంటిపేరు పుట్టుకతో వస్తుందనీ, ఆడవాళ్ళకు పెళ్ళితో మారుతుందనీ, మగవాళ్ళకు చచ్చేదాకా మారదనీ మనం ఒక కట్టుబాటును నమ్ముతున్నాం. అది మనం అనుకున్నంత పాతదీ కాదు, అనుకున్నంత గట్టిదీ కాదు. మన చిత్తూరు సీమలో ఇంటిపేరు ఎప్పుడూ కదులుతూనే వచ్చింది. మగవాళ్ళకూ మారింది, ఆడవాళ్ళకు మారకుండానూ ఉంది. దాన్ని ఒకచోట మేకు కొట్టి నిలబెట్టింది బడి రిజిస్టరు, ఓటర్ల జాబితా, పాస్‌పోర్టు. కొట్టిన మేకును ఆడవాళ్ళ విషయంలో మాత్రం పీకి మళ్ళీ కొట్టమంటున్నాం. పుట్టినప్పుడు కాగితంలో రాసిన పేరు కాగితంలో అలాగే ఉండాలనీ, వాడుకలో ఎవరి ఇష్టం వాళ్ళదనీ నేను చెప్పబోతున్నాను.

తిరుమల శాసనాలతో మొదలుపెడదాం. దేవస్థానం వాళ్ళు సాధు సుబ్రహ్మణ్యశాస్త్రిగారి వంటి పండితుల చేత వీటిని చదివించి 1930లలో సంపుటాలుగా అచ్చువేశారు. దానం చేసినవాడు ఫలానా అని చెప్పడానికి శాసనం ఒక్క ఇంటిపేరు మీద ఆధారపడదు. తాళ్ళపాక పెదతిరుమలయ్యనే చూడండి. భారద్వాజ గోత్రం, ఆశ్వలాయన సూత్రం, అన్నమయ్యంగారి కుమారుడు, తాళ్ళపాకవారు అని ఇన్ని విధాలుగా చెబితే తప్ప మనిషి ఆనవాలు పూర్తి కాలేదు. ఇందులో ఇంటిపేరు ఒకటి మాత్రమే. అదీ ఊరి పేరు. రాజంపేట దగ్గరి తాళ్ళపాకలో ఉన్నంతకాలం ఆ కుటుంబాన్ని తాళ్ళపాకవాళ్ళని ప్రత్యేకంగా పిలవాల్సిన పని ఎవరికీ ఉండదు, ఊరంతా తాళ్ళపాకవాళ్ళే కదా. ఊరు విడిచి కొండకు చేరాకే ఆ పేరుతో పని పడింది. మన ఇంటిపేర్లలో ఊరి పేర్లుగా ఉన్నవాటిలో చాలావాటి కథ ఇదే. దామలచెరువు చుట్టుపక్కల పల్లెల జీవితాన్ని కథలుగా మలచిన మధురాంతకం రాజారాం ఇంటిపేరు ఇప్పటి తమిళనాడులోని ఒక ఊరిది. మన జిల్లా కథకు పెద్దదిక్కు అనదగ్గ మనిషి పేరు ముందు చెంగల్పట్టు వైపు ఊరు ఉండటం మనకు వింతగా తోచదు. ఒకప్పటి వలస అక్కడ గడ్డకట్టి ఉంది, అంతే. దీనికి ఎదురు దిశలో సాగినవీ ఉన్నాయి. నారావారిపల్లెలో ఇల్లే ఊరికి పేరు ఇచ్చింది. ‘వారిపల్లె’, ‘గారిపల్లె’ అని ముగిసే ఊళ్ళు చంద్రగిరి నుంచి మదనపల్లె దాకా ఎన్నెన్నో. ఊరు ఇంటికీ, ఇల్లు ఊరికీ ఇలా పేర్లు ఇచ్చిపుచ్చుకున్నచోట ఇంటిపేరు రక్తంలోంచి వచ్చిందనడం కష్టం.

ఒక మనిషి బతికుండగానే ఇంటిపేరు మారడం కూడా మనకు కొత్తకాదు. ఉప్పలదడియం నాగయ్య అంటే ఎంతమంది గుర్తుపడతారు? 1904లో రేపల్లెలో పుట్టి, చిత్తూరు రామవిలాస సభ నాటకాలతో పేరు తెచ్చుకుని, ‘భక్త పోతన’, ‘త్యాగయ్య’ సినిమాలతో దక్షిణాదికంతా తెలిసిన ఆయన చిత్తూరు నాగయ్య. ఉప్పలదడియం అన్న ఇంటిపేరు పేరు మధ్యలో ‘వి’ అనే పొడి అక్షరంగా మిగిలిపోయింది. పుట్టిన ఊరిది కాదు, పెంచిన ఊరి పేరు ఆయనకు అతుక్కుంది. తాడిపత్రి రాఘవాచార్యులు బళ్ళారి రాఘవ అయినదీ ఇలాగే. వీళ్ళు వంశాన్ని కాదనుకున్నారని ఎవరూ నిందించలేదు. పైగా ఆ ఊళ్ళవాళ్ళు గర్వపడ్డారు.

ఇక కాగితం చేసిన పని చూద్దాం. మన ప్రాంతం నుంచి లోకమంతా తెలిసిన ఇద్దరు పెద్దల పేర్లు దీనికి సాక్ష్యం. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1888లో తిరుత్తణిలో పుట్టారు, తిరుపతి లూథరన్ మిషన్ బడిలో చదివారు. తిరుత్తణి తర్వాత చిత్తూరు జిల్లాలో ఉండి, 1960లో సరిహద్దుల సర్దుబాటులో మద్రాసు రాష్ట్రానికి పోయింది. సర్వేపల్లి నెల్లూరు జిల్లాలోని ఊరు. పాశ్చాత్య గ్రంథాలయాలకు చివర ఉన్నదే ఇంటిపేరు కాబట్టి తండ్రి పుస్తకాలు ‘రాధాకృష్ణన్’ కింద చేరాయి. కొడుకు, చరిత్రకారుడు సర్వేపల్లి గోపాల్ పుస్తకాలు ‘గోపాల్’ కింద చేరాయి. ఒకే ఇంటిపేరుగల తండ్రీకొడుకులు అక్షరక్రమంలో చెరో బీరువాలో పడ్డారు. 1895లో మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిదీ ఇదే కథ. కన్నవాళ్ళు ఎనిమిదో సంతానమని పెట్టిన కృష్ణుడి పేరు లోకానికి ఇంటిపేరైంది, జిడ్డు ఒక పొడి అక్షరమైంది. తిరుచానూరులో పుట్టి 1956లో లోక్‌సభ స్పీకరైన మాడభూషి అనంతశయనం అయ్యంగార్‌ను ఢిల్లీ ‘అయ్యంగార్’ అని పిలిచింది, అది ఇంటిపేరే కాదు. కట్టమంచి రామలింగారెడ్డి సి.ఆర్.రెడ్డి అయ్యారు. కట్టమంచిని అప్పట్లో ఇంగ్లీషులో ‘సి’ అక్షరంతో రాసేవారు కనుక ‘కె’ కావలసినచోట ‘సి’ వచ్చింది. ఈ నలుగురిలో ఎవరి ఇంటిపేరూ కాగితం మీద చెక్కుచెదరకుండా బయటపడలేదు. అయినా వాళ్ళ వంశం తెగిపోయిందని ఎవరూ దిగులుపడలేదు. మగవాడి ఇంటిపేరు చెదిరితే అది వాడుక. ఆడదాని ఇంటిపేరు మారకపోతే మాత్రం అది తిరుగుబాటు!

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. పెళ్ళితో ఆడపిల్ల గోత్రం మారుతుంది, కన్యాదానమంటేనే అది, కనుక ఇంటిపేరు మారడమూ సంప్రదాయమే కదా అంటారు. గోత్రం మారడం నిజమే. పెళ్ళయిన కూతురికి తల్లిదండ్రులు పోతే మైల మూడు రోజులే అన్న నియమమూ అందులోంచి వచ్చిందే. అయితే గోత్రానికి కాగితం అవసరం లేదు. గుళ్ళో అర్చన చేయించేటప్పుడు గోత్రం, పేరు చెబితే చాలు, ఇంటిపేరు ఎవరూ అడగరు. ఇంటిపేరుతో పని పడేది సంబంధం కలుపుకునేటప్పుడు. ఒకే ఇంటిపేరు అయితే అన్నదమ్ములవుతారు, పిల్లనివ్వకూడదు, పుచ్చుకోకూడదు. 1909లో ఎడ్గర్ థర్‌స్టన్ అచ్చువేసిన ఏడు సంపుటాల కులాల గ్రంథంలో తెలుగు కులాల ఇంటిపేర్ల పట్టీలు అంత పొడుగ్గా ఉండటానికి కారణమూ ఈ నియమమే. ఈ పనికి కావలసింది పుట్టింటి పేరు. పెళ్ళయిన ఆడది ఏ ఇంటి ఆడబిడ్డో ఊరికి చివరిదాకా గుర్తుంటుంది. తెలియకపోతే వరసలు కలవవు. పాటూరి రాజగోపాల నాయుడి కూతురు గల్లా అరుణకుమారిగా చంద్రగిరి నుంచి శాసనసభకు వెళ్ళినప్పుడు ఆమె ఎవరి కూతురో ఓటర్లకు ఎవరూ కాగితం చూపి చెప్పనక్కరలేకపోయింది. ఊరి జ్ఞాపకం రెండు ఇళ్ళనూ పట్టుకుంటుంది. కాగితం మాత్రం ఒకదాన్ని కొట్టేసి ఒకదాన్ని రాస్తుంది.

రాయలసీమలో మేనరికం ఈ లెక్కను మరింత తారుమారు చేసింది. అక్క కూతుర్ని తమ్ముడు పెళ్ళాడితే, తల్లి పెళ్ళినాడు వదిలిపెట్టి వచ్చిన ఇంటిపేరే కూతురికి పెళ్ళినాడు వస్తుంది. తల్లికి పుట్టినిల్లు, కూతురికి మెట్టినిల్లు. ఆ పిల్ల ‘పరాయి ఇంటికి’ పోయిందని అనగలమా? తాత ఇంటికే పోయింది కదా. ఇల్లరికం చూడండి. ఇల్లటపుటల్లుడనే ఏర్పాటును మద్రాసు ప్రెసిడెన్సీ కాలంలో కోర్టులు కూడా ఒప్పుకున్నాయి. రెడ్లు, కమ్మవాళ్ళలో కొడుకులు లేని ఇంటికి అల్లుణ్ణి తెచ్చుకుని కొడుకులా ఆస్తి ఇచ్చేవారు. అతను మామ ఇంట్లో ఉంటాడు, మామ పొలం దున్నుతాడు, ఆ ఇంటి ఆస్తికి హక్కుదారవుతాడు. పుట్టింటి ఆస్తిలో హక్కూ పోగొట్టుకోడు, పుట్టింటి పేరూ పోగొట్టుకోడు. ఇల్లు మారిన మనిషికి ఇంటిపేరు మారాలన్నది సూత్రమైతే మొదట మారాల్సింది ఇతనికి. దత్తతలో మగవాడికీ మారుతుంది, నిజమే. అక్కడ కన్నవాళ్ళతో వారసత్వ సంబంధం తెగిపోతుంది కాబట్టి మారుతుంది. పెళ్ళయిన కూతురికి కన్నవాళ్ళతో ఆ సంబంధం తెగుతుందా? ఒకప్పుడు ఉమ్మడి ఆస్తి విషయంలో తెగేది. 1985లో ఎన్టీఆర్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని ఆంధ్రప్రదేశ్‌కు సవరించి కూతురికి పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో భాగం ఇచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళను మాత్రం బయట ఉంచింది. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ ఆ తేడా తీసేసింది. 2020లో సుప్రీంకోర్టు ఆ హక్కు పుట్టుకతో వచ్చిందేనని గట్టిచేసింది. పుట్టింటి పొలంలో భాగం పెళ్ళితో పోదని చట్టం అంటుంటే, పుట్టింటి పేరు మాత్రం పెళ్ళితో పోవాలనడానికి ఇక ఆధారమేమిటి? పొలం కాగితంలో ఒక పేరు, ఆధార్‌లో ఇంకొక పేరు ఉండి, వాటా రాయించుకునే రోజున ఆమె తానే ఆమెనని రుజువు చేసుకోవలసి రావడం ఈ పొంతన లేకపోవడం వల్లే.

మన కొండకే వస్తే, ఇంటిపేరు విషయంలో తరిగొండ వెంగమాంబను మించిన సాక్షి లేదు. ఆమె పుట్టింటివారు కానాలవారు. కానాల నంద్యాల వైపు ఊరు. తండ్రి కృష్ణయ్య, తల్లి మంగమ్మ. చిన్నతనంలోనే పెళ్ళి చేసిన వరుడు ఇంజేటివారి అబ్బాయి, తొందరలోనే పోయాడు. కాగితం లెక్కన ఆమె మొదట కానాల, తర్వాత ఇంజేటి కావాలి. లోకం ఆమెను ఈ రెంటితోనూ పిలవలేదు. గుర్రంకొండ దగ్గరి తరిగొండ ఊరినీ, అక్కడి నరసింహస్వామినీ పేరుగా కట్టుకుని తిరుమలకు వచ్చింది. 1817లో పోయేదాకా అక్కడే కావ్యాలు రాసుకుంటూ బతికింది. ద్విపద భాగవతం, వేంకటాచల మాహాత్మ్యం రాసిన ఆమెను పండితులు తరిగొండ వెంగమాంబ అనే అన్నారు. 2011లో తెరిచిన నిత్యాన్నప్రసాద భవనానికి దేవస్థానం పెట్టిన పేరూ అదే. రోజూ వేలమంది ఆ పేరు కింద కూర్చుని అన్నం తింటున్నారు. ఆమె పుట్టింటి పేరు గానీ మెట్టినింటి పేరు గానీ చెప్పగలిగేవాళ్ళు ఆ పంక్తిలో ఎందరుంటారో. ముత్తయిదువ గుర్తులు వదలనన్న మనిషి మీద ఆనాటి సమాజం ఎంత ఒత్తిడి తెచ్చిందో ఆమె కథ తెలిసినవాళ్ళకు తెలుసు. ఆ సమాజమే ఈ మూడో పేరును ఒప్పుకుంది. ఆమెకు ముందు అన్నమయ్య భార్య తిమ్మక్కను చూడండి, ‘సుభద్రా కల్యాణం’ రాసినందుకు తొలి తెలుగు కవయిత్రిగా చెప్పుకుంటున్నాం. ఆమె మెట్టినింటి పేరుతో తాళ్ళపాక తిమ్మక్కగానే మిగిలింది. రెండు దారులూ ఉండేవన్నమాట. ఒకే దారి ఉందని చెప్పడం సంప్రదాయాన్ని పొట్టిగా కత్తిరించడం.

రెండో అభ్యంతరం ఎదుటివైపు నుంచి వస్తుంది. ఈ గొడవంతా ఇంటిపేరు ఉండబట్టే కదా, తీసిపారేస్తే పోలేదా అంటారు. ఇంటిపేరు కులాన్ని పట్టిస్తుందని వీళ్ళ బాధ. ఆ బాధ న్యాయమైనదే, కాకపోతే గురి కొంచెం తప్పింది. మన జిల్లాలో కులాన్ని పట్టిచ్చేది చాలావరకు పేరు చివరి రెడ్డి, నాయుడు. ఆ నాయుడైనా కమ్మవారికీ బలిజలకూ ఉమ్మడి. ఒకే ఇంటిపేరు నాలుగు కులాల్లో కనిపించడం మామూలే. షేక్, సయ్యద్, పఠాన్ అని ముందు రాసుకునే మన ముస్లిం కుటుంబాల్లో అది ఇంటిపేరు స్థానంలో నిలిచింది, పెళ్ళితో మారాల్సిన అవసరమూ అక్కడ అంతగా లేదు. తీసేసి చూసిన అనుభవం సరిహద్దుకు అవతలే ఉంది. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభ కులబిరుదులు వదిలేయమంది, తమిళులు చాలావరకు వదిలేశారు. చాలా గొప్ప పని. తండ్రి పేరు మొదటి అక్షరం, తన పేరు, అంతటితో సరి. మరి పెళ్ళయితే? తండ్రి అక్షరం తీసి భర్త అక్షరం పెట్టడం అక్కడా మామూలే. చిత్తూరు, నగరి, కుప్పం బళ్ళలో తెలుగు ఇంటిపేరు పొడి అక్షరమూ, తమిళ తండ్రి పేరు పొడి అక్షరమూ ఒకే హాజరు పట్టీలో పక్కపక్కనే ఉంటాయి. పద్ధతులు రెండు, ఆడపిల్లకు జరిగేది ఒక్కటే. ఇంటిపేరు తీసినంత మాత్రాన ఇంటి పెత్తనం పోదు. అసలు ఇంటిపేరే లేకపోతే వచ్చే చిక్కు వేరే ఉంది. 2022 నవంబరులో యూఏఈ, పాస్‌పోర్టులో ఒక్క పేరే ఉన్న ప్రయాణికులను రానివ్వబోమన్నప్పుడు గల్ఫ్‌కు పోయే మనవాళ్ళకు అది అనుభవమైంది. ఆ తమిళ పొడి అక్షరాల పద్ధతిలోనే మరో దారి చూపినవారూ ఉన్నారు. తిరుపతిలో కంచు విగ్రహమై నిలిచిన ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పేరులో ‘ఎం’ మదురై, ‘ఎస్’ తల్లి షణ్ముఖవడివు. 1940లో సదాశివంతో పెళ్ళయ్యాక కూడా ఆ రెండక్షరాలు కదల్లేదు. కొండమీద పొద్దున్నే వినిపించే సుప్రభాత గొంతు తల్లి పేరునే మోస్తోంది.

మూడో అభ్యంతరాన్ని నేను మిగతావాటికన్నా ఎక్కువ గౌరవిస్తాను. చాలామంది ఆడవాళ్ళు ఇష్టపడే మార్చుకుంటున్నారు, వాళ్ళ ఇష్టాన్ని కాదనడానికి మీరెవరు? కాదనడం లేదు. భారతదేశంలో పెళ్ళితో ఇంటిపేరు మార్చుకోవాలని ఏ చట్టమూ లేదు, మార్చుకోకూడదనీ లేదు. జపాన్‌లో ఉంది. అక్కడి సివిల్ కోడ్ ప్రకారం దంపతులకు ఒకే ఇంటిపేరు ఉండి తీరాలి. ఎవరిదైనా ఎంచుకోవచ్చంటారు గానీ నూటికి 95 జంటల్లో పోయేది భార్య ఇంటిపేరే. 2015లో, 2021లో అక్కడి సుప్రీంకోర్టు ఆ నియమాన్ని నిలబెట్టింది. ఇష్టం అన్న మాట ఎంత బరువు మోయగలదో ఆ 95 చెబుతుంది. ఫ్రాన్స్‌లో 1794 నాటి చట్టం ప్రకారం జనన పత్రంలో ఉన్న పేరే పౌరుడి పేరు. భర్త ఇంటిపేరును భార్య వాడుకోవచ్చు, రికార్డులో పేరు మాత్రం మారదు. కెనడాలోని క్విబెక్ 1981 నుంచి పెళ్ళి తర్వాత కూడా పుట్టినప్పటి పేరుతోనే హక్కులు వాడుకోవాలంది. నాకు ఫ్రాన్స్ పద్ధతి మన పాత అలవాటుకు దగ్గరగా తోస్తుంది. పిలుపు ఊరిది, కాగితం కాగితానిది. మన దగ్గర ఇష్టంతో మార్చుకున్న మనిషి కూడా పదో తరగతి సర్టిఫికెట్ దగ్గర ఆగుతుంది. ఉద్యోగానికీ పాస్‌పోర్టుకీ అది మూలం, అందులో పుట్టింటి పేరే ఉంటుంది. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లకు మించి మార్చడానికి వీల్లేదు. పెళ్ళికి ఒకసారి, విడాకులకో పునర్వివాహానికో ఇంకొకసారి, అక్కడితో అయిపోయింది. మగవాడికి ఆ రెండు అవకాశాలూ అచ్చుతప్పులు దిద్దుకోవడానికి మిగిలే ఉంటాయి. ఆడవాళ్ళ పేరు వాళ్ళది కాదు, ఎవరి తాలూకో చెబితే చాలు అనుకోవడం ఎక్కడికి దారితీస్తుందో మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడే దేశం చూసింది. ఉత్తరాదిలో ఫలానా వారి భార్య, ఫలానా వారి కూతురు అని తప్ప సొంత పేరు చెప్పని సుమారు 28 లక్షలమంది స్త్రీలను జాబితా నుంచి తీసేయాల్సి వచ్చింది.

చివరిది పిల్లల ప్రశ్న. తల్లి ఒక ఇంటిపేరు, తండ్రి ఒక ఇంటిపేరు అయితే బిడ్డ ఏమవుతుంది? ఆసుపత్రిలో అప్పుడే పుట్టిన బిడ్డ చేతికి కట్టే పట్టీ చూడండి. బేబీ ఆఫ్ ఫలానా అని తల్లి పేరు రాస్తారు. మనిషి మీద పడే మొట్టమొదటి రాత తల్లిది. 21 రోజుల్లో జననం నమోదు కావాలి, పేరు తర్వాతైనా చేర్చవచ్చు. 1969 చట్టం నామకరణం దాకా ఆగే మన అలవాటుకు చోటిచ్చింది. 2023 అక్టోబరు 1 నుంచి మాత్రం పరిస్థితి మారింది. ఆ రోజు నుంచి పుట్టినవాళ్ళకు బడికీ, ఓటుకూ, పాస్‌పోర్టుకూ పుట్టిన తేదీ రుజువు ఆ జనన పత్రమే. ఇకమీద ఆ ఒక్క వరుస రాత మనిషితో చివరిదాకా నడుస్తుంది కనుక అది ఎవరు ఎలా రాయాలన్నది తేలికగా తీసుకునే సంగతి కాదు. తండ్రి ఇంటిపేరే రాయాలన్న చట్టం లేదు, తల్లి ఇంటిపేరు రాయించవచ్చు, రెండూ రాయించవచ్చు. మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచే వెళ్ళిన ఒక కేసులో 2022 జులై 28న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇక్కడ చదవదగ్గది. భర్త పోయిన తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుని బిడ్డకు కొత్త ఇంటిపేరు పెట్టింది. తాతానాయనమ్మలు కోర్టుకెక్కారు. పాత ఇంటిపేరే పెట్టమనీ, రెండో భర్తను రికార్డుల్లో సవతి తండ్రి అని రాయమనీ హైకోర్టు చెప్పింది. బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు తల్లిదనీ, సవతి తండ్రి అని రాయించడం బిడ్డ పట్ల క్రూరమనీ సుప్రీంకోర్టు ఆ ఆదేశాన్ని కొట్టేసింది. ఇంటిపేరు వంశాన్ని చెప్పడానికే కాదు, బిడ్డ ఏ ఇంట్లో తన మనుషుల మధ్య ఉన్నాననుకుంటుందో దానికి కూడా సంబంధించిందని న్యాయమూర్తులు గుర్తించారు. మీరిప్పటిదాకా కాగితంలో పేరు మారకూడదంటూ వచ్చారు కదా, ఈ తీర్పు మీకు ఎదురు కాదా అని అడగవచ్చు. కాదనుకుంటాను. నేను కాదన్నది పెళ్ళి అనే ఒక్క కారణంతో, ఒక్క పక్షం మీద మాత్రమే పడే మార్పును. ఆ బిడ్డకు మార్పు అవసరమైంది బిడ్డ కోసమే. అయితే ఆ తీర్పు ఒక ప్రశ్నను తెరిచే ఉంచింది. ఆ బిడ్డ పద్దెనిమిదేళ్ళవాడై, నా పేరు నేనే రాసుకుంటానని వస్తే, పదో తరగతి సర్టిఫికెట్ దగ్గర ఎవరు ఏమని జవాబు చెప్పాలి? మన విశ్వవిద్యాలయాల్లో న్యాయశాస్త్రం చదువుతున్నవాళ్ళు ఆ ప్రశ్నను ఎత్తుకోవాలని నా కోరిక.